పక్క బోరులో నీళ్ళెన్ని?

కిందటి సెమిస్టర్‌లో మేం నలుగురం కలిసి ఒక హ్యాకథాన్ కోసం రైతుల యాప్ చేశాం. వాతావరణం, మార్కెట్ రేట్లు, ఆకు ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పడం, అన్నీ పెట్టాం. సెకండ్ ప్రైజ్ కూడా వచ్చింది. దసరా సెలవుల్లో మార్కాపురం వైపున్న మా ఊరెళ్ళి, ఎంతో గొప్పగా పెదనాన్నకి చూపించాను. ఆయన ఫోన్ కాస్త దూరంగా పట్టుకుని, అంతా ఓపిగ్గా చూసి, ఒకటే ప్రశ్న అడిగాడు.

"బాగుందమ్మా. ఇందులో పక్కనోళ్ళ బోరులో నీళ్ళెన్ని ఉండాయో తెలుస్తదా?"

తెలియదు. మా యాప్‌లో ఆ బటన్ లేదు. అలాంటి బటన్ ఒకటి కావాలని మా నలుగురిలో ఎవరికీ తట్టనే లేదు.

పెదనాన్నకి మూడెకరాలు. అందులో ఎకరంన్నర బత్తాయి తోట, చెట్లకి ఏడేళ్ళు. ఇప్పటికి నాలుగు బోర్లు వేశాడు. మొదటిది ఎండిపోయింది, రెండోదాంట్లో దుమ్ము తప్ప ఏమీ రాలేదు, మూడోది ఒక్క ఏడాది పోసింది, నాలుగోది ఇప్పుడు నడుస్తోంది. ఒక్కోదానికి లక్ష పైనే అయింది. ఐదోది వేద్దామా అని నాన్నని డబ్బు అడుగుతున్నాడు. మిరప అయితే ఈ ఏడు మానేసి వచ్చే ఏడు వేసుకోవచ్చు. బత్తాయి చెట్టుకి ఒక వేసవి నీళ్ళు ఆపితే ఏడేళ్ళ కష్టం పోయినట్టే. అందుకే ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నాలుగు నెలలుగా దాని వెంటే పడి చదివినవీ, సంక్రాంతికి ఊళ్ళో మేం చేసినవీ ఈ వ్యాసంలో రాస్తున్నా. ఇంగ్లీష్ మీడియంలో చదివిన దాన్ని, తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

ఒక్కో రైతు ఒక్కో దీవి

2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో నూటికి 86 కమతాలు రెండు హెక్టార్ల లోపువే. సగటు కమతం 1.08 హెక్టార్లు, అంటే రెండున్నర ఎకరాల కంటే కాస్త ఎక్కువ. ఇంత చిన్న కమతం ఉన్న రైతు విత్తనం కొనేటప్పుడూ, పంట అమ్మేటప్పుడూ, అప్పు అడిగేటప్పుడూ ఒంటరే. ఈ మాట మనందరం సోషల్ పుస్తకంలో చదివిందే. కానీ బోరు దగ్గర కథ ఇంకోలా ఉంటుంది. పైన రైతు ఒంటరి, కింద నీళ్ళు మాత్రం ఉమ్మడి.

రాయలసీమ, ప్రకాశం పడమటి భాగం, తెలంగాణలో చాలా భాగం... ఈ నేలల కింద ఉండేది గట్టి రాయి. మనం ఊహించుకున్నట్టు కింద పెద్ద చెరువేమీ ఉండదు. పైనున్న మెత్తబడిన రాతి పొరలోనూ, దాని కింద పగుళ్ళలోనూ కొద్దికొద్దిగా నీళ్ళు నిలుస్తాయి. ఆ పగులు మీ గట్టు దగ్గర ఆగదు. నా బోరూ పక్కవాళ్ళ బోరూ ఒకే పగులు మీద ఉంటే, రెండు స్ట్రాలు పెట్టి ఒకే కొబ్బరి బొండాం తాగుతున్నట్టే.

మన ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో రేస్ కండిషన్ చెప్పారు గుర్తుందా? ఇద్దరు ఒకే ఖాతా చూస్తారు, ఇద్దరికీ వెయ్యి రూపాయలు కనిపిస్తాయి, ఇద్దరూ వెయ్యీ తీసేద్దామని బయల్దేరతారు. బోరు విషయంలో జరిగేది అచ్చంగా ఇదే. కాకపోతే ఇక్కడ ఖాతాలో ఎంత ఉందో ఎవరికీ కనిపించదు కూడా. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచే ఆయన చెప్పిన చోట రిగ్గు బండి దింపడం, "రెండించులు పడ్డాయి" అంటే సంతోషపడటం, అంతే. ఆరు నెలలకి పక్కాయన ఇంకో వంద అడుగులు లోతుగా వేస్తాడు. మన రెండించులు ఒకటవుతాయి. మనం ఇంకా లోతుకి వెళ్తాం. చివరికి గెలిచేది రిగ్గు బండి ఓనరు.

చట్టం లేదా అంటే ఉంది. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. వాల్టా అంటారు. కొత్త బోరుకి అనుమతి తీసుకోవాలి. కానీ లక్షల బోర్ల దగ్గర కాపలా ఉండటం ఏ ఆఫీసుకీ కుదిరే పని కాదు. మరి రైతులే తమ నీళ్ళకి కాపలా ఉంటే?

కొలిచిన ఊళ్ళు

ఆ ప్రయోగం మన దగ్గరే జరిగింది. నాకు ఇంతకు ముందు అస్సలు తెలీదు. 2003 తర్వాత కొన్నేళ్ళపాటు అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరవు జిల్లాల్లో, అంటే అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండల్లో ఒక ప్రాజెక్టు నడిచింది. రైతులే భూగర్భజలాల్ని చూసుకునే ప్రాజెక్టు. పొట్టిగా ఏపీఫామ్‌గ్స్ అనేవారు. డబ్బు నెదర్లాండ్స్ ప్రభుత్వానిది, నడిపించింది ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థా, స్థానిక స్వచ్ఛంద సంస్థలూ. ఆరు వందలకు పైగా పల్లెల్లో పని చేశారు.

నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, వాళ్ళు రైతులకి సబ్సిడీ ఇస్తామనలేదు, "ఈ పంట వేయొద్దు" అని హుకుం జారీ చేయలేదు. కొలవడం నేర్పించారు. అంతే.

ఏమేం కొలిచారంటే:

- ఊళ్ళో వానమాపకం పెట్టి ప్రతి వానా కొలిచి రాసుకున్నారు.
- కొన్ని బోర్లని గమనించే బోర్లుగా ఎంచుకుని, పదిహేను రోజులకోసారి నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో చూశారు. తీగ కిందికి వదిలితే నీళ్ళు తగలగానే కూత పెట్టే చిన్న పరికరం ఉంటుంది. అదే వాళ్ళ సెన్సర్.
- బోరు ఎంత పోస్తుందో డ్రమ్ము, స్టాప్‌వాచీతో లెక్కేశారు. 200 లీటర్ల డ్రమ్ము 100 సెకండ్లలో నిండితే సెకండుకి 2 లీటర్లు. "రెండించుల" లెక్క కంటే ఇది ఎంత నికరమో చూడండి.

కొలిచిన వాళ్ళు ఆ ఊరి ఆడవాళ్ళూ మగవాళ్ళూనే. అంకెల్ని కాగితాల్లో దాచిపెట్టలేదు. ఊళ్ళో అందరూ నడిచే చోట గోడ మీద పట్టిక రాశారు. టీ తాగుతూ ఎవరైనా చూడొచ్చు, తప్పుంటే "అదేంటి, మా బోరు ఇంకా కిందికి పోయిందే" అని తగువు పెట్టుకోవచ్చు కూడా. మన భాషలో చెప్పాలంటే డేటాబేస్ పబ్లిక్‌గా ఉంది, ఆడిట్ రోజూ జరుగుతోంది.

ఇంకో తెలివైన పని ఏంటంటే, గ్రామ సరిహద్దుని యూనిట్‌గా పెట్టుకోలేదు. నీళ్ళకి పంచాయతీ గీతలు తెలీవు కదా. ఒక వాగులోకి ఏ నేల నుంచి నీళ్ళు దిగుతాయో ఆ నేలంతా ఒక యూనిట్. అందులో ఎన్ని ఊళ్ళుంటే అన్ని ఊళ్ళ కమిటీలూ కలిసి కూర్చునేవి. రైతుల నీటి బడుల్లో నేర్చుకున్న రైతులే పక్క ఊరికెళ్ళి మళ్ళీ నేర్పేవారు.

రబీకి ముందు ఒక లెక్క

ఈ కొలతలన్నీ దేనికంటే, వానాకాలం అయిపోయాక, రబీ విత్తనం వేయకముందు అందరూ కూర్చుని పంటల నీటి బడ్జెట్ వేసుకునేవారు. అది ఎలా ఉంటుందో నేను ఊహించుకున్న అంకెలతో చూపిస్తా. ఇవి ఏ ఊరివీ కావు. లెక్క అర్థం కావడానికి మాత్రమే.

వాగు చుట్టూ 1000 ఎకరాలు అనుకుందాం. ఏడాది వాన 500 మిల్లీమీటర్లు. గట్టి రాతి నేలలో పడిన వానలో నూటికి పది వంతులు కిందికి దిగిందనుకుంటే 50 మిల్లీమీటర్లు. 1000 ఎకరాలకి 50 చొప్పున మన ఖాతాలో 50,000 ఎకరా-మిల్లీమీటర్లు. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటర్ నీళ్ళు నిలబెడితే దాదాపు 4,047 లీటర్లు. దాన్నే ఒక రూపాయి అనుకోండి.

ఇప్పుడు ఖర్చు. వరికి సుమారు 1200 రూపాయలు, వేరుశనగకి సుమారు 500.

ఆ వెయ్యి ఎకరాల్లో 60 బోర్లున్నాయి. అరవై మందీ తలా ఒక ఎకరం వరి వేస్తే 72,000 కావాలి. ఉన్నది 50,000. అంటే 22,000 లోటు. ఫిబ్రవరిలో పొట్ట దశకి వచ్చేసరికి కొందరి బోర్లు ఆగిపోతాయి. ఎవరివి ఆగుతాయో ముందు తెలీదు, కానీ కొందరివి ఆగడం ఖాయం.

అదే 20 మంది వరి, 40 మంది వేరుశనగ వేస్తే? 24,000కి 20,000 కలిపితే 44,000. తాగునీటికి, పశువులకి 6,000 మిగులు.

(పొలంలో పెట్టిన నీటిలో కొంత మళ్ళీ కిందికే ఇంకుతుంది. లెక్క తేలికగా ఉండాలని దాన్ని వదిలేశా.)

చూశారా, వెయ్యి ఎకరాల మీద కురిసిన వానకి గట్టిగా 41 ఎకరాల వరి పండుతుంది! ఈ లెక్క చేసినరోజు నేను క్యాలిక్యులేటర్‌లో మూడుసార్లు సరిచూసుకున్నా.

అందరూ మంచివాళ్ళైపోయారా?

2010లో ప్రపంచ బ్యాంకు మన దేశపు భూగర్భజలాల మీద ఒక పెద్ద నివేదిక వేసింది. అందులో ఈ ఊళ్ళ గురించి ప్రత్యేకంగా రాశారు. చాలా యూనిట్లలో తోడే నీళ్ళు తగ్గాయనీ, రైతులు ఎక్కువ నీళ్ళు తాగే పంటల నుంచి మళ్ళారనీ చెప్పారు. దానికి వాళ్ళు చెప్పిన కారణం చదివి నేను ఆగిపోయాను. రైతులు ఊరి కోసం త్యాగం చేయలేదట. ఈ ఏడు నీళ్ళు ఇంతే అని ముందే తెలిసేసరికి, పంట మధ్యలో ఎండిపోయే ప్రమాదం నుంచి ఎవరికి వాళ్ళు తప్పుకున్నారట. సొంత లాభం చూసుకున్న వేల నిర్ణయాలు కలిసి ఊరికి మేలు చేశాయి.

మనం సహకారం అనగానే "అందరూ కలిసికట్టుగా ఉండాలి" అని నీతి చెప్తాం. ఇక్కడ నీతి కంటే ముందు అంకె వచ్చింది. మనుషులు మారాల్సిన పని లేకపోయింది. వాళ్ళకి కనిపించేది మారింది.

అలాగని ఇదొక అద్భుతం అని రాసేస్తే అబద్ధం అవుతుంది. ప్రాజెక్టు ముగిశాక వెళ్ళి చూసిన పరిశోధకులకి చాలాచోట్ల కొలతలు ఆగిపోయి కనిపించాయి. పరికరం పాడైతే బాగు చేయించేవాళ్ళు లేరు, కొలిచేవాళ్ళకి ఓపిక తగ్గింది, సమావేశం పిలిచే సంస్థ వెళ్ళిపోయింది. కొన్ని ఊళ్ళలో నేర్చుకున్నది రైతుల పంట అలవాట్లలో మిగిలింది, కొన్నిచోట్ల అదీ లేదు. కొలవడం నేర్పడం ఒక పని. కొలుస్తూనే ఉండటం ఇంకో పని. రెండోదానికి ఏటా కొంచెం డబ్బు, పిలిస్తే వచ్చే ఒక మనిషి కావాలి. మన గిట్‌హబ్‌లో మెయింటెయినర్ లేక చచ్చిపోయిన ప్రాజెక్టులు ఎన్ని లేవు?

పైపులతో నెట్‌వర్క్

అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కొన్ని పల్లెలు ఇంకో అడుగు వేశాయి. బోర్లున్న రైతులు తమ బోర్లని పైపులైనుతో ఒకదానికొకటి కలిపేశారు. బోరు లేని పక్క రైతులకి కూడా ఆ లైను నుంచి, వాన మొండికేసినప్పుడు పంట బతకడానికి ఒకట్రెండు తడులు ఇస్తారు. బదులుగా అందరూ కలిసి ఒక ఒప్పందం రాసుకున్నారు. కొన్నేళ్ళపాటు అక్కడ ఎవరూ కొత్త బోరు వేయకూడదు.

ఇది చదివితే మొదట "బోరున్నవాడు ఎందుకు ఇస్తాడు?" అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. ఆలోచిస్తే తెలిసింది. బోరు లేని పక్కాయనకి నీళ్ళు అందకపోతే ఆయనా రేపు అప్పు చేసి బోరు వేస్తాడు. అది నా బోరుని తాగేస్తుంది. రెండు తడులు ఇచ్చి ఆ కొత్త బోరుని ఆపడం నాకే చవక. పైగా నా మోటారు కాలిపోయిన వారం నా పొలం ఎండదు, లైనులో ఇంకో బోరు నీళ్ళొస్తాయి. సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ ఉండకూడదని మనం పరీక్షలో రాస్తాం. వాళ్ళు కందకం తవ్వి పైపు వేశారు.

నీళ్ళకే కాదు

ఇదే పద్ధతి వేరే విషయాల్లోనూ పనిచేసింది. పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరుంది. పత్తికి పురుగుమందులు కొట్టీ కొట్టీ, ఆ మందుల కోసమే అప్పులపాలైన ఊరు. 2000 తర్వాత తొలి ఏళ్ళలో అక్కడి రైతులు, ముఖ్యంగా మహిళా సంఘాలు, ఒక స్వచ్ఛంద సంస్థ తోడుతో వేప గింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం వాడి పంట తీశారు. చివరికి ఊరు ఊరంతా పురుగుమందులు మానేసింది. తర్వాత ఆ పద్ధతిని రాష్ట్ర పేదరిక నిర్మూలన సంస్థ డ్వాక్రా సంఘాల ద్వారా మిగతా జిల్లాలకి తీసుకెళ్ళింది. తెల్ల చొక్కా ఆఫీసర్ చెప్తే వినని రైతు, తనలాగే రెండెకరాలున్న రైతు తన చేలో చేసి చూపిస్తే విన్నాడు. 2016లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కూడా ఇలా రైతే రైతుకి నేర్పడం మీదే నడుస్తోంది. 2024లో దానికి పోర్చుగల్‌కి చెందిన గుల్బెంకియన్ బహుమతి వచ్చింది.

డబ్బు, మార్కెట్ విషయానికొస్తే ములుకనూరు గురించి చెప్పాలి. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి చొరవతో మొదలైన సహకార సంఘం అది. అప్పు, ఎరువు, విత్తనం, పంట అమ్మకం అన్నీ ఒకే చోట. అదే ప్రాంతంలో ఆడవాళ్ళే నడిపే డెయిరీ కూడా ఉంది, స్వకృషి పాలు వాళ్ళవే. ఆరు దశాబ్దాలు దాటినా ఆగలేదంటే కారణం, అది ఎవరో తెచ్చిన ప్రాజెక్టు కాదు, సభ్యుల సొంత డబ్బు అందులో ఉంది. ఏపీఫామ్‌గ్స్‌లో లేనిదీ, ములుకనూరులో ఉన్నదీ అదే అని నాకు అనిపించింది.

సంక్రాంతికి మేం చేసింది

ఇవన్నీ చదివాక సంక్రాంతికి ఊరెళ్ళి, యాప్ తీయలేదు. పెద్దమ్మ వడ్లు పోసుకునే డ్రమ్ము ఖాళీ చేయించి, తమ్ముడితో మోయించుకుని తోటలోకి వెళ్ళాను. పెదనాన్న నవ్వాడు. "చదువుకుని డ్రమ్ములు మోస్తన్నావా?" అన్నాడు.

పెదనాన్న బోరు ఒక్కటే నడుస్తుంటే 200 లీటర్ల డ్రమ్ము 95 సెకండ్లలో నిండింది. తర్వాత పక్క చేలో బాబాయి వరసయ్యే ఆయన్ని బతిమాలి ఆయన మోటారు కూడా వేయించాం. గంట ఆగి మళ్ళీ పట్టాం. 140 సెకండ్లు. మళ్ళీ పట్టాం. 138.

ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. ఇద్దరి మోటార్లకీ ఆటో స్టార్టర్లే. కరెంటు రాగానే రెండూ ఒకేసారి మొదలవుతాయి. ఇన్నేళ్ళుగా రోజూ రెండు బోర్లూ ఒకదాని నోటి దగ్గరది ఇంకోటి లాక్కుంటున్నాయి. బాబాయి తన బోరుకి కూడా పట్టి చూడమన్నాడు. అక్కడా అంతే, ఒంటరిగా నడిస్తే ఎక్కువ, జంటగా నడిస్తే తక్కువ.

"అయితే ఐదో బోరేస్తే అదీ ఇందులోదే తాగుతదన్నమాట," అన్నాడు పెదనాన్న. ఎవరితోనూ అన్నట్టు కాదు.

ఆటో స్టార్టర్లు తీసేశారు. ఇప్పుడు రోజు విడిచి రోజు వంతు. పెదనాన్న బత్తాయికి డ్రిప్ ఉంది కాబట్టి సరిపోతోంది. ఐదో బోరు మాట పూర్తిగా పోలేదు, "ఏప్రిల్ దాకా చూద్దాం" అన్నాడు. ఏప్రిల్‌లో ఏమవుతుందో నాకూ భయంగానే ఉంది. ఇద్దరి వంతుతో ఊరి నీళ్ళు పెరగవు. ఆ పగులు మీద ఇంకెన్ని బోర్లున్నాయో మేం ఇంకా చూడలేదు. కానీ తమ్ముడు ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాడు. పదిహేను రోజులకోసారి డ్రమ్ము పట్టి, తేదీ, సెకండ్లు రాస్తున్నాడు. మొదట రెండు బోర్లే. కిందటి వారం ఫోన్ చేసి, "అక్కా, ఇప్పుడు ఐదు" అన్నాడు. మిగతా ముగ్గురూ వాళ్ళంతట వాళ్ళే వచ్చి అడిగారట, "మాది కూడా పట్టరా" అని.

మనం చేయగలిగింది

ఫ్రెండ్స్, మనలో చాలామందికి ఊళ్ళో ఒక తాతో, మావయ్యో, పెదనాన్నో ఉన్నారు. ఫైనల్ ఇయర్‌లో సగం మంది "స్మార్ట్ అగ్రికల్చర్" ప్రాజెక్టే చేస్తారు. సెన్సర్ కొని, గ్రాఫ్ గీసి, మార్కులు తెచ్చుకుని అటకెక్కిస్తాం. ఈసారి మొదలుపెట్టే ముందు మూడు విషయాలు అడుగుదాం. ఈ అంకె ఎవరు కొలుస్తారు? కొలిచింది పక్కవాళ్ళకి కూడా కనిపిస్తుందా? మనం వెళ్ళిపోయాక ఎవరు నడుపుతారు? ఈ మూడింటికీ జవాబు ఆ ఊళ్ళోనే ఉంటే అప్పుడు కోడ్ రాద్దాం. లేకపోతే డ్రమ్ము, వాచీ, గోడ మీద సుద్దముక్క చాలు.

మా యాప్‌లో కొత్త బటన్ పెట్టాలా అని మా టీమ్‌లో ఇంకా వాదన నడుస్తోంది. నేనైతే ముందు తమ్ముడి నోట్‌బుక్ ఒక వేసవి దాటనీ అంటున్నాను.